పాలకొల్లు దగ్గర యార్డులో ఏడాదిలో రెండోసారి దొంగలు పడ్డారు. షెడ్లను కాపాడుకోవడం ఎలా?

కాలువగట్టు_వెల్డర్

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే దారిలో, కాలువ గట్టును ఆనుకుని ముప్పై సెంట్లలో నాకు వెల్డింగ్ యార్డు ఉంది. గేట్లు, రేకుల షెడ్లు చేస్తాం, రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు మరమ్మతు చేస్తాం. సామానుకు రెండు రేకుల షెడ్లు ఉన్నాయి. మొన్న గురువారం రాత్రి పెద్ద షెడ్డు ఊడ్చేశారు. ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్లు రెండు, గ్రైండర్లు నాలుగు, డ్రిల్లు ఒకటి, అరవై మీటర్ల రాగి వెల్డింగ్ కేబులు, మరమ్మతుకు వచ్చిన ఏరేటర్ మోటార్లు మూడు. మోటార్లు నావి కావు, రైతులవి. నా మెషిన్లు పోయిన బాధకన్నా వాళ్ళకు మొహం చూపించడం కష్టంగా ఉంది.

కిందటి ఏడాది తాళం కోసి లోపలికి వెళ్ళారు. బుద్ధి వచ్చి పదిహేను వందలు పెట్టి పెద్ద తాళం కొన్నాను. ఈసారి తాళాన్ని ముట్టుకోలేదు. గొళ్ళెం ఊడదీసి, వేసిన తాళం వేసినట్టే గొళ్ళేనికి వేలాడుతుంటే దాన్ని గుమ్మం పక్కన జాగ్రత్తగా పెట్టి వెళ్ళారు. నన్ను వెక్కిరించినట్టే ఉంది.

ఫిర్యాదు ఇచ్చాను. ముందు వైపు ప్రహరీ, గేటు ఉన్నాయి. వెనుక కాలువే కదా అని ఏమీ కట్టలేదు. కెమెరాలు పెట్టాలా, కుక్కను పెంచాలా, కాపలా మనిషిని పెట్టాలా? డబ్బు తక్కువ ఉంది, కాబట్టి ఏది ముందు చెయ్యాలో చెప్పండి.

రొయ్యల_చెరువు

తాళం వదిలేశాడంటే మంచివాడే. పదిహేను వందలు మిగిలాయి మీకు.

తాళంచెవి

హార్డువేరు కొట్టు పెట్టి ఇరవై రెండేళ్ళయింది. తాళం గురించి అరగంట బేరమాడేవాళ్ళు రోజూ వస్తారు, గొళ్ళెం గురించి అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పదిహేను వందల తాళాన్ని తీసుకెళ్ళి నలభై రూపాయల గొళ్ళేనికి తగిలిస్తారు. ఆ గొళ్ళెం నాలుగు స్క్రూల మీద నిలబడి ఉంటుంది. స్క్రూ తలలు బయటికే కనిపిస్తుంటే దొంగకు తాళంతో పని ఏముంది?

మీరు వెల్డరై ఉండి స్క్రూలు వేశారా అని అడగను. అడిగినట్టే అనుకోండి.

కాలువగట్టు_వెల్డర్

అడగండి, తప్పులేదు. తలుపు పల్చటి రేకు. దాని మీద వెల్డింగ్ పెడితే కన్నం పడుతుంది. అందుకని స్క్రూలు వేశాను. ఊరందరికీ గట్టి గేట్లు చేసి ఇచ్చి మా షెడ్డుకు మాత్రం మిగిలిన రేకు వేసుకున్నాం. కుమ్మరి ఇంట్లో పగిలిన కుండే అంటారు కదా, ఆ రకం.

తాళంచెవి

రేకు పల్చనైతే లోపలి వైపు అయిదు మిల్లీమీటర్ల మందం పట్టీ వెయ్యండి. గొళ్ళెం బయట, పట్టీ లోపల, రేకు మధ్యలో. గుండు తల బోల్టు బయటి నుంచి దూర్చి లోపల నట్టు బిగించి, నట్టును పట్టీకి వెల్డింగ్ చెయ్యండి. బయట పానాకు పట్టు దొరకదు.

తరువాత బందులు చూసుకోండి. తలుపు బయటికి తెరుచుకునేదైతే బందుల పిన్నులు బయటే ఉంటాయి. ఒక మేకు, ఒక సుత్తి ఉంటే పిన్ను పైకి లేస్తుంది, తాళం ఉన్న వైపు కాకుండా రెండో వైపు నుంచి తలుపు ఊడి వస్తుంది. పిన్నుకు పైనా కిందా ఒక్కో వెల్డింగ్ చుక్క పెట్టండి, సరిపోతుంది.

మూడోది, తాళం పైన ఉండే వంపు కడ్డీ. బోల్టు కట్టర్ పట్టేది దాన్నే. నాలుగంగుళాల పైపు ముక్క కోసి తాళం చుట్టూ గూడులా వెల్డింగ్ చెయ్యండి. కింది నుంచి చెయ్యి దూరాలి, తాళంచెవి తిరగాలి, కట్టర్ దూరకూడదు. కొలత చూసుకుని చెయ్యండి. మా వీధిలో ఒకాయన చేయించుకున్న గూడులో ఆయన చెయ్యే దూరలేదు. రోజూ పొద్దున్నే కొడుకును పిలిపించేవాడు.

రొయ్యల_చెరువు

సరదా పక్కన పెట్టి నా సంగతి చెబుతాను. ఆకివీడు దగ్గర మా చెరువు గట్టున ఉన్న షెడ్డుకు తలుపు బ్రహ్మాండంగా ఉండేది. దొంగ తలుపు జోలికే రాలేదు. పైకెక్కి రేకు విప్పాడు. జే బోల్టుల నట్లు పదమూడు నంబరు పానాతో ఆరు విప్పితే ఒక రేకు పక్కకు జరుగుతుంది. సామాను పైనుంచి అందించుకున్నారు. పోతూ పోతూ రేకు మళ్ళీ సర్ది పెట్టారు. వాన పడి మేత బస్తాలు తడిసిందాకా మాకు తెలియలేదు.

ఇప్పుడు రేకుల కింద, దూలాల మధ్య పది మిల్లీమీటర్ల చువ్వలు ఆరంగుళాలకు ఒకటి చొప్పున గడులుగా వేశాం. నట్టు దాటి పైకి వచ్చిన మరను సుత్తితో చితక్కొట్టాం. విప్పాలంటే మేమూ కొయ్యాల్సిందే.

భీమవరం_ఇంజినీరు

ఇవన్నీ చేసినా గ్రైండర్ తెచ్చుకున్నవాడికి అయిదు నిమిషాల పని. తలుపును ఎంత బలం చేసినా వాడు వచ్చిన సంగతి మనకు తెలియకపోతే రాత్రంతా వాడిదే. ముందు కెమెరా పెట్టండి. సోలార్ పలక, సిమ్ కార్డు ఉన్నవి దొరుకుతున్నాయి. వైరు లాగక్కర్లేదు, కరెంటు పోయినా పనిచేస్తాయి. మనిషి కదిలితే ఫోను మోగుతుంది.

తాళంచెవి

గ్రైండర్ చప్పుడు పాలకొల్లు దాకా వినిపిస్తుంది. స్క్రూడ్రైవర్ చప్పుడు చెయ్యదు. దొంగ చేత చప్పుడు చేయించడమే తలుపు పని.

యానాం_గాలి

కెమెరా సంగతి నన్నడగండి. మాది పడవ ఇంజన్ల మరమ్మతు. కెమెరా పెట్టిన మొదటి వారం ఫోను రాత్రికి నలభైసార్లు మోగింది. కారణం సాలీడు. చీకట్లో కెమెరా చుట్టూ వెలిగే ఎర్ర దీపాలకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు అద్దం ముందే గూడు కడుతుంది. ఆ దారం వెలుగులో తాడంత లావుగా మెరిసి గాలికి ఊగుతుంటే కెమెరా దృష్టిలో అది మనిషే. రెండో వారం ఫోను చప్పుడు తీసేశాను. మూడో వారం బ్యాటరీలు పోయాయి.

కాబట్టి వారానికోసారి చీపురుతో తుడవాలి. కొబ్బరి మట్ట ఊగే చోట పెట్టవద్దు. చూరు మీద పెడితే టోపీలు తప్ప మొహాలు కనిపించవు. ఒకటి మనిషి ఎత్తులో, గేటు లోపలి వైపు, రేకుల చాటున పెట్టండి. వాడు బయటికి వెళ్ళేటప్పుడు మొహం పడుతుంది.

ఇంకొకటి. సముద్రపు గాలి తగిలే చోట ఇనుప తాళం రెండు వర్షాకాలాలకు బిగుసుకుపోతుంది. ఇత్తడి తాళం తీసుకోండి. నూనె పోస్తే దుమ్ము పట్టి ముద్దవుతుంది, పెన్సిల్ ములుకు పొడి చేసి తాళంలో వెయ్యండి.

ముక్కుసూటి

ఎవరూ అడగడం లేదు కాబట్టి నేను అడుగుతాను. షెడ్డులో ఏ మూల ఏముందో బయటివాడికి ఎలా తెలుస్తుంది? మీ దగ్గర పనిచేసేవాళ్ళు ఎంతమంది? ఏ ఊరివాళ్ళు? నా అనుభవంలో నూటికి తొంభై లోపలివాళ్ళ పనే.

కాలువగట్టు_వెల్డర్

నలుగురు. ఇద్దరు మా ఊరివాళ్ళు, ఒకరిది శ్రీకాకుళం వైపు, ఒక కుర్రవాడిది బీహారు. ఆ కుర్రవాడి సొంత గ్రైండర్ కూడా పోయింది. మొదటి జీతంతో కొనుక్కున్నాడు. స్టేషనుకు నాతోపాటు వచ్చి రెండు గంటలు నిలబడ్డాడు. అతన్ని అనుమానించమంటే నా వల్ల కాదు.

ముక్కుసూటి

గ్రైండర్ పోయిందని అతను చెప్పాడు. మీరు చూశారా?

ద్రాక్షారామం_డ్రిల్లు

ముక్కుసూటి గారూ, నూటికి తొంభై అన్న లెక్క ఎక్కడిది? మా యార్డులో పోయినప్పుడు నేనూ ఇలాగే ఒరిస్సా నుంచి వచ్చిన మేస్త్రీని పట్టుకుని నానా మాటలూ అన్నాను. అతను మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయాడు. నాలుగు నెలల తరువాత తేలింది, సామాను తీసింది మా సొంత మేనల్లుడు. తాళంచెవి మా వంటింట్లో మేకుకు తగిలించి ఉండేది మరి. ఆ మేస్త్రీ లాంటి పనివాడు నాకు మళ్ళీ దొరకలేదు.

లోపలి సంగతి తెలియడానికి లోపలివాడే కానక్కర్లేదు. పగలు గేటు బార్లా తెరిచి ఉంటుంది. టీ ఇచ్చేవాడు, ఇనుము కొనేవాడు, ఏరేటర్ తెచ్చినవాడు అందరూ చూస్తూనే ఉంటారు.

ముక్కుసూటి

లెక్క నా అనుభవంలోది అన్నాను. మీ మేనల్లుడు కూడా లోపలివాడే కదా.

ద్రాక్షారామం_డ్రిల్లు

అది నిజమే.

లాకుల_దగ్గర

వెల్డర్ గారూ, మీరు ఒక మాట అన్నారు, అందరూ దాటి వెళ్ళిపోయారు. వెనుక కాలువే కదా అని ఏమీ కట్టలేదు అన్నారు. ఇప్పుడు కాలువలో నీళ్ళున్నాయా?

ధవళేశ్వరం నుంచి వచ్చే నీళ్ళు వేసవిలో ఆపేసి మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. మళ్ళీ సార్వా పంటకు వదిలేదాకా అది కాలువ కాదు, ఊళ్ళ వెనుక నుంచి పోయే రోడ్డు. పది నెలలు మీకు కోటగోడ, రెండు నెలలు దొంగకు రాచబాట. మా ఊళ్ళో మోటార్లు పోయేది ఎప్పుడూ ఈ రోజుల్లోనే. కిందటి ఏడాది మీకు దొంగతనం జరిగింది ఏ నెలలో?

కాలువగట్టు_వెల్డర్

మే నెల మొదటి వారం.

ఈసారీ అంతే. ఇంతవరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు. రేపు పొద్దున్న వెనుక దిగి చూస్తాను.

కరెంటు_మనిషి

ఇంత చర్చ అవసరమా? వెనుక వైపు రెండు తీగలు లాగి రాత్రి కరెంటు వదలండి. ఒకడికి తగిలితే ఊరంతా తెలుస్తుంది, ఇంకెవడూ రాడు.

రిటైర్డు_హెడ్డు

ముప్పై నాలుగేళ్ళు పోలీసు శాఖలో ఉద్యోగం చేశాను. ఆ సలహా ఎవరూ పాటించవద్దు. తీగకు దొంగ ఎవరో, బహిర్భూమికి వచ్చిన ముసలాయన ఎవరో తెలియదు. ఎలుకలకు, పందులకు అని పొలాల్లో పెట్టిన తీగలు తగిలి సొంత ఇంటివాళ్ళే పోయిన కేసులు చూశాను. ఒకసారి శవ పంచనామా రాస్తున్నప్పుడు తీగ పెట్టినవాడే వచ్చి నా పక్కన కూర్చుని ఏడ్చాడు, పోయింది అతని తమ్ముడు. నిర్లక్ష్యం అంటే కొత్త న్యాయ సంహితలో 106, ప్రాణం పోతుందని తెలిసే పెట్టావంటే 105. దొంగ సంగతి అటుంచి మీరే జైలుకు వెళ్తారు.

ఇక ఫిర్యాదు గురించి. 2024 జూలై 1 నుంచి సెక్షన్ల నంబర్లు మారాయి. సామాను దాచే కట్టడంలో దొంగతనం 305, రాత్రిపూట తలుపులు పగలగొట్టి చొరబడడం 331, దొంగ సొత్తని తెలిసి కొనడం 317. మీ ఎఫ్‌ఐఆర్‌లో మొదటి రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. స్టేషనులో ఫిర్యాదే తీసుకోం అన్నారంటే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు, కొత్త నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఆ దారి ఉంది.

అసలు మా చేతులు కట్టేసేది ఏమిటో చెప్పనా? గ్రైండర్ దొరుకుతుంది. అది మీదే అని ఎలా చెబుతారు? నీలం రంగు, చిన్నది అంటారు. జిల్లాలో అన్నీ నీలం రంగు చిన్నవే. ప్రతి సామాను వెనుక ఉండే నంబరును ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. అక్షరాల పంచ్‌తో మీ గుర్తు కొట్టండి, ఒకటి కనిపించే చోట, ఒకటి కనిపించని చోట. కనిపించేది వాడు అరగదీస్తాడు. రెండోది ఉందని వాడికి తెలియదు.

పాతఇనుము

దొంగ సొత్తు కొంటారని మా వ్యాపారం మీద అందరికీ అనుమానమే కాబట్టి నేనే చెబుతాను. వెల్డింగ్ కేబులు మీకు ఇక దొరకదు. పైన రబ్బరు కాల్చేస్తే అది ఉత్త రాగి, రాగికి పేరు ఉండదు. దొంగతనం జరిగిన తెల్లారి ఏ తోటలోనైనా రబ్బరు కాలిన వాసన వచ్చిందా అని అడగండి. అల్యూమినియం కేబులు వాడుకోండి. కాస్త లావుది తీసుకోవాలి, బరువు మాత్రం తక్కువే. దాని కోసం ఎవడూ గోడ దూకడు.

మోటార్లు వేరు. వాటిని కొందరు విప్పి రాగి తీస్తారు, కొందరు మోటారుగానే అమ్ముతారు. ఏరేటర్ మోటారుకు చెరువుల మీద ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. కొల్లేరు వైపు అడిగించండి.

ముసలి_ఫిట్టరు

మా రోజుల్లో వెల్డింగ్ మెషిన్ అంటే నూనె పోసిన ట్రాన్స్‌ఫార్మర్. నలుగురు పట్టుకుంటే గాని కదిలేది కాదు. షెడ్డుకు తలుపే ఉండేది కాదు, మెషినే మెషిన్‌కు కాపలా. ఇప్పుడు ఏడెనిమిది కిలోల పెట్టె, భుజాన తగిలించుకుని సైకిల్ మీద పోవచ్చు. మీరు చేతిసంచిలా మోసుకెళ్ళగలిగింది వాడూ మోసుకెళ్ళగలడు.

ఇనుప పెట్టె ఒకటి చెయ్యండి. ఆరు మిల్లీమీటర్ల ప్లేటుతో, అడుగున నాలుగు కాళ్ళు నేలలో కాంక్రీటులోకి దించండి. సాయంత్రం మెషిన్లు, గ్రైండర్లు అందులో పడేసి తాళం వెయ్యండి. మొత్తం షెడ్డును కోట చెయ్యాలంటే లక్షలు కావాలి, పెట్టెకు మీ దగ్గరున్న ముక్కలు చాలు.

తాళంచెవి

ఈయన చెప్పింది నేను మొదటే చెప్పాల్సింది. డబ్బు తక్కువ అన్నారు కాబట్టి పెట్టె ముందు, గొళ్ళెం తరువాత, మిగతావి తీరిక మీద.

లంక_కొబ్బరి

పెట్టెను నేలలో పాతేముందు ఆలోచించుకోండి. మాది కోనసీమలో లంక. 2022 జూలైలో వరద వచ్చినప్పుడు పీచు తీసే మెషిన్ మోటార్లన్నీ ఇలాగే నేలకు బిగించి ఉన్నాయి. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే మాకు సామాను ఎత్తుకోవడానికి మిగిలే సమయం ఎక్కువ కాదు. బోల్టులు విప్పలేక వదిలేశాం. నీళ్ళలో మునిగినవి మునిగాయి. అటక మీద పెట్టినవాటిని ఎవరో నాటు పడవలో వచ్చి ఎత్తుకెళ్ళారు. మేమందరం శిబిరంలో పులిహోర తింటున్నాం అప్పుడు.

దొంగకు భయపడి బిగిస్తే ఏరుకు దొరుకుతాం, ఏరుకు భయపడి విప్పితే దొంగకు దొరుకుతాం. ఇప్పుడు గొలుసు వేసి అటక దూలానికి తాళం వేస్తున్నాం.

రొయ్యల_చెరువు

సంక్రాంతి మూడు రోజులు కూడా రాసుకోండి. ఊరు ఊరంతా కోడిపందేల బరి దగ్గర ఉంటుంది. మాకు భోగి రోజు ఒక మోటారు పోయింది. నేను పందెంలో పోగొట్టుకున్నదే ఎక్కువ అనుకోండి, అది వేరే సంగతి.

పేరూరు_పెరడు

కుక్కను పెంచాలా అన్నారు కదా. కుక్కకు బిర్యానీ పెడితే తోక ఊపుతుంది. గిన్నెకోళ్ళు పెంచండి. రాత్రి చెట్టెక్కి పడుకుంటాయి, ఎవరు వచ్చినా ఊరు లేచేలా అరుస్తాయి. లంచం తీసుకోవు.

యానాం_గాలి

సాలీడుకు అరుస్తాయా?

పేరూరు_పెరడు

సాలీడును తింటాయి.

బీమా_కాగితం

మోటార్లు రైతులవి అన్నారు. దొంగతనం బీమా తీసుకునేటప్పుడు మీ దగ్గర మరమ్మతుకు ఉన్న ఇతరుల సామానును విడిగా రాయించాలి. రాయకపోతే మీ మెషిన్లకే వస్తుంది. తలుపు పగలగొట్టిన ఆనవాలు కూడా అడుగుతారు. ఊడిన గొళ్ళేన్ని పారెయ్యవద్దు, తలుపు బాగుచేసుకోకముందే ఫొటోలు తీసుకోండి. అయిదు లక్షల సామాను ఉంటే రెండు లక్షలకు రాయించి ప్రీమియం మిగిలిందని సంబరపడవద్దు, నష్టం వచ్చినప్పుడు అదే నిష్పత్తిలో కోస్తారు.

కాలువగట్టు_వెల్డర్

పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను.

లాకుల దగ్గర ఉండే ఆయనకు దండం. కాలువలో దిగి చూస్తే ఎండిన బురదలో తోపుడు బండి చక్రాల గాడి మా వెనుక నుంచి వంతెన దాకా ఉంది. రెండుసార్లూ ముందు గేటుకే రంగులు వేసి బలం చేసుకుంటూ కూర్చున్నాను నేను.

ఒక మోటారు ఒక కొట్టులో దొరికింది. ఆ రైతు మోటారుకు వైర్లు కలిపే టెర్మినల్ పెట్టె మూత లోపలి వైపు పెయింటుతో తన చెరువు పేరు రాసుకున్నాడట. బయట రాసింది గీకేశారు, మూత విప్పలేదు. హెడ్డు గారు చెప్పింది అక్షరాలా అదే. స్టేషనువాళ్ళు ఆ కొట్టులో మిగతావాటి గురించి అడుగుతున్నారు. నా మెషిన్ల జాడ లేదు. కేబులు ఆశ వదులుకున్నాను. మిగతా ఇద్దరు రైతులకు వాయిదాల్లో కడతానని ఒప్పుకున్నాను. ఒకాయన సగం చాలన్నాడు.

పెట్టె చేశాం. నేలకు కాదు, లంక మాట విని పైన దూలానికి గొలుసు వేసేలా కొక్కెం పెట్టాం. గొళ్ళెం, పైపు గూడు కూడా అయ్యాయి. బీహారు కుర్రవాడే కూర్చుని చేశాడు, అన్నింటికీ గుర్తులు కూడా కొట్టాడు. కొత్త గ్రైండర్ కొనిచ్చాను. వెనుక వైపు కంచెకు వచ్చే నెల డబ్బు చూడాలి. నీళ్ళు వదిలేదాకా నేనే రాత్రి యార్డులో పడుకుంటున్నాను.

గిన్నెకోళ్ళు ఎక్కడ దొరుకుతాయి?

ముక్కుసూటి

కుర్రవాడి విషయంలో తొందరపడ్డాను.

పేరూరు_పెరడు

గిన్నెకోళ్ళు మా దగ్గర నాలుగున్నాయి, వచ్చి పట్టుకెళ్ళండి. డబ్బులు వద్దు. పక్కింటివాళ్ళు మాతో మాట్లాడి మూడు నెలలయింది.